సమస్యాపూరణం: ఇసుకఁ బోసి వండె నింతి కేకు

తార్నాక నిర్వాహకుడు:
మన పద్యాల గుంపుకు ఈ వారం సమస్య, అంటే అర్థం కుదరనట్టు కనిపించే పాదం, ఇది. ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో ఇది చివరి పాదం, అర్థం కుదిరేలా మిగతా మూడు మీరు రాయాలి.

ఇసుకఁ బోసి వండె నింతి కేకు

పైపైన చూస్తే నోట్లో పంటికింద ఇసుక కరకరలాడుతుంది, ఆ ఇసుకను ఎక్కడికి పంపిస్తారో మీ ఇష్టం. క్రిస్మస్ దగ్గర పడుతోంది, బేగంబజార్‌లో డ్రైఫ్రూట్స్ దుకాణాల ముందు నిలబడే చోటు లేదు, ఇళ్ళల్లో అప్పుడే గులాబీ పువ్వుల అచ్చులు బయటికి వచ్చాయి కాబట్టి ఇలాంటిది ఇచ్చాను. ఇంగ్లిష్ మాటలు వాడుకోవచ్చు. సమస్యే అచ్చుతో మొదలైంది కాబట్టి మూడో పాదం చివర విసంధి (సంధి చెయ్యకుండా వదిలెయ్యడం) గురించి ఎవరూ తగువు పెట్టొద్దు, అక్కడ మాత్రమే ఈ వెసులుబాటు. ఇంకో షరతు: పద్యం నడిచినా కేకు పొంగకపోతే నేను ఒప్పుకోను.

ఉప్పల్ అక్క:
బోణీ నాదే. ఓవెన్ బదులు కుక్కర్ అడుగున ఇసుక పోసి కేకు కాల్చే పద్ధతి మీద.

ఓవె నింట లేదు, ఊరకుండఁగ లేదు
గుండ్రమైన పాత కుక్కరెత్తి
విజిలు తీసి రింగు విప్పి పక్కనఁ బెట్టి
ఇసుకఁ బోసి వండె నింతి కేకు

మల్కాజిగిరి మాస్టారు:
అమ్మా, చాలా సహజంగా ఉంది. రెండో పాదంలో గు–కు యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం పొత్తు కుదరడం) చక్కగా పడింది. మొదటి పాదంలోనే చిక్కు. "లేదు, ఊరకుండఁగ" అని మధ్యలో కామా పెట్టి తప్పించుకుంటే కుదరదు, అక్కడ ఉత్వసంధి నిత్యం, "లేదూరకుండఁగ" అయిపోయి గణాలు (గురువు, లఘువు అనే బరువు, తేలిక అక్షరాల గుంపులు) చెదిరిపోతాయి. దానికి బదులు "ఓవె నింట లేక యూరకుండఁగ లేక" అనండి. యడాగమం వచ్చింది, ఓ–ఊ యతీ నిలిచింది, అర్థమూ మారలేదు.

ఉప్పల్ అక్క:
మార్చేశాను మాస్టారూ. కానీ ఆ మూడో పాదం మీద ఎవరూ మాట్లాడలేదేం? రింగు విప్పడం కోసమే ఆ పాదం రాశాను. చాలామంది విజిల్ ఒక్కటి తీసి రబ్బరు అలాగే వదిలేస్తారు, నీళ్ళు లేని కుక్కర్‌లో పొడి సెగకు అది మాడి ఇల్లంతా కంపు కొడుతుంది.

అమీర్‌పేట హాస్టల్ తమ్ముడు:
నాదీ చూడండి, గణాలు రెండుసార్లు సరిచూసుకున్నా.

మూత పెట్టి విజిలు మోగించి మోగించి
నీళ్ళు పోయకుండ నిప్పు పెంచి
కోరినంత రుచిగ గుమగుమలాడఁగా
ఇసుకఁ బోసి వండె నింతి కేకు

మల్కాజిగిరి మాస్టారు:
ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. మొదటి పాదంలో రెండు తగణాలు (గురువు, గురువు, లఘువు) వరసగా రావడంతో విజిల్ నిజంగానే రెండుసార్లు మోగినట్టుంది. శభాష్.

ఉప్పల్ అక్క:
మాస్టారూ, మీరు శభాష్ అంటారు, ఆ పిల్లాడు పోయి హాస్టల్ వంటగదిలో ఇదే చేస్తాడు! తమ్ముడూ, నీళ్ళే పొయ్యకపోతే విజిల్ ఎక్కడ నుంచి మోగుతుంది? విజిల్ వచ్చేది ఆవిరితో. పిండిలో ఉన్న తడి వల్ల కాస్త ఆవిరి పుట్టినా అది బయటికి పోయే దారి ఉండాలి, అందుకే విజిల్ తీసేది. ఆవిరిని లోపల బిగించి పెడితే కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అది పప్పు ఉడకడానికి చాలు. కేకు పైన ఎర్రగా రంగు తేలాలంటే 170, 180 డిగ్రీల పొడి వేడి కావాలి. నువ్వు చెప్పిన పద్ధతిలో వచ్చేది తీపి ఇడ్లీ, అదీ అన్నీ బాగుంటే. పైగా "నిప్పు పెంచి" అన్నావు, అడుగు నల్లగా మాడి నడుమ పచ్చిపిండి మిగులుతుంది.

అమీర్‌పేట హాస్టల్ తమ్ముడు:
అక్కా, టెన్షన్ పెట్టకండి. ఇది చూడండి:

మూత పెట్టి విజిలు మూలకుఁ బడవేసి
నీళ్ళు పోయకుండ నిప్పు నణఁచి

మిగతాది అదే.

తార్నాక నిర్వాహకుడు:
బాగుపడింది. "మూలకుఁ బడవేసి" మొదటిదానికన్నా జోరుగా ఉంది, యతి మూ–మూ కూడా కదల్లేదు. రింగు సంగతి పద్యంలో పట్టకపోయినా వండేటప్పుడు మరిచిపోకు.

బోయినపల్లి కొత్త సభ్యుడు:
నమస్తే అందరికీ, పద్యం రాయడం కొత్త.

క్రిస్మస్ రోజు మాకు కేకు కావాలంటె
అమ్మ పిండి కలిపి ఆవిరిపైన...

ఇక్కడి దాకా వచ్చి ఆగిపోయా. మూడో పాదం ఎవరైనా అందుకోండి.

మల్కాజిగిరి మాస్టారు:
నాయనా, ఆగింది మంచిదే అయింది. "క్రిస్మస్" అన్నప్పుడు రెండూ గురువులే, ఆటవెలది మొదటి గణంగా అది పనికిరాదు, అక్కడ గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు), అంటే సూర్యగణం ఉండాలి. ఉకారం చేర్చి "క్రిస్మసు" అంటే గురువు, లఘువు, లఘువు, అంటే భగణం. అది ఇంద్రగణం (సూర్యగణం కన్నా పెద్దది), కాబట్టి మాట విరవకుండా ఒకే గణంగా పెట్టాలంటే బేసి పాదంలో నాలుగో చోటో అయిదో చోటో పెట్టాలి. నాలుగో చోట పెడితే యతి కోసం పాదం మొదట్లో కి, కే లాంటి అక్షరం కావాలి, అదృష్టం కొద్దీ కేకు అక్కడే ఉంది! రెండో పాదంలో "ఆవిరి" కూడా భగణమే, సరి పాదంలో అయిదూ సూర్యగణాలే కాబట్టి ఒకే గణంగా దానికి చోటు లేదు. ఇక ఆవిరి మీద కేకు ఎందుకు కాదో అక్క ఇంతకుముందే చెప్పింది. మీ ఊహతోనే కట్టి ఇస్తున్నాను:

కేకు కోరె బిడ్డ క్రిస్మసు దినమున
బేకరీల వద్ద పెద్ద వరుస
వంటగదిని పాత వస్తువే చాలంచు
ఇసుకఁ బోసి వండె నింతి కేకు

"బిడ్డ" తర్వాత "క్రి" వచ్చింది కదా, డ్డ గురువు కాదా అని అడుగుతారు. వేరే పదం కాబట్టి లఘువుగానే నిలుస్తుంది.

పాతబస్తీ దోస్త్:
బేకరీ వరుస అంటే గుర్తొచ్చింది. మా దిక్కు మొహర్రంలో దమ్ కే రోట్ కోసం ఇంట్లోనే రవ్వ, నెయ్యి, చక్కెర, బాదం, యాలకులు కలిపి ముద్ద చేసి గల్లీలోని బేకరీకి ఇచ్చేవాళ్ళు, వాళ్ళ బట్టీలో కాల్చి తిరిగి ఇస్తారు. క్రిస్మస్ కేకు పిండిని కూడా అట్లా తీసుకుపోయే ఇళ్ళు ఉన్నాయి. ఇంట్లో ఓవెన్ లేకపోవడం హైదరాబాద్‌లో ఎవరికీ పెద్ద అడ్డం కాలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953లో పెట్టారు, అప్పట్లో ఎన్ని ఇళ్ళల్లో ఓవెన్ ఉండేది చెప్పండి. పద్యం నాకు రాదు, చదవడానికే వచ్చా.

ఈసీఐఎల్ వదిన:
నేను రెసిపీనే పద్యం చేశా, తప్పులుంటే చెప్పండి.

పెరుగు, చక్కెరయును, పిండి, నూనియఁ గల్పి
సోడ కొంత చల్లి సుళ్ళు తిప్పి
సన్నసెగను గంట సగమును మించఁగా
ఇసుకఁ బోసి వండె నింతి కేకు

ఒకటిన్నర కప్పుల మైదాకు కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె, చెంచాడు బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా. గుడ్డు లేదు, మా అత్తగారు తినరు కాబట్టి.

ఉప్పల్ అక్క:
వదినా, "గంట సగమును మించఁగా" అని టైమ్‌ని యతితో సహా ఇరికించారే! నేనైతే ముప్పై అయిదు నిమిషాలకు పుల్ల గుచ్చి చూస్తా, తడి అంటితే ఇంకో అయిదు. ఒక్క "సుళ్ళు తిప్పి" మీదే నా గొడవ. పెరుగులో పులుపు తగలగానే సోడా నుంచి గ్యాస్ బుడగలు మొదలవుతాయి, ఆ బుడగలే కేకును పైకి లేపేది. అప్పుడు గిరగిరా తిప్పితే బుడగలు పోతాయి, మైదాలో జిగురు సాగి కేకు రబ్బరులా లాగుతుంది. పొడి కనపడకుండా కలిసిందా, ఆపెయ్యాలి. వెంటనే కుక్కర్‌లోకి పోవాలి, ఈలోపు ఫోన్ ఎత్తకూడదు.

ఈసీఐఎల్ వదిన:
యతి కోసం "సు" కావాల్సి వచ్చింది తల్లీ. నిజంగా కలిపేటప్పుడు గరిటెతో మడతపెట్టినట్టే కలుపుతా.

అమీర్‌పేట హాస్టల్ తమ్ముడు:
అక్కా, అసలు ఏ ఇసుక? మా పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, అక్కడ గుట్టలు గుట్టలు.

ఉప్పల్ అక్క:
జల్లించి, కడిగి, ఎండలో పొడిగా ఆరబెట్టి అప్పుడు వాడు. అడుగున ఒక అంగుళం మందం చాలు, పైన చిన్న స్టాండు, దాని మీద కేకు గిన్నె. గిన్నె ఇసుకకు తగలకూడదు. మూత పెట్టి పది నిమిషాలు ముందే వేడెక్కించాలి. ఇసుక చేసే పనల్లా మంటను నేరుగా గిన్నెకు తగలనివ్వకుండా తను తాగి, నెమ్మదిగా అన్ని వైపులా పంచడం. కళ్ళుప్పు పోసినా అంతే, చల్లారాక సీసాలో పోసి పెట్టుకుంటే మళ్ళీ కేకుకే వాడొచ్చు, కూరలో మాత్రం వెయ్యకు. కొత్త కుక్కర్ జోలికి పోకు, నీళ్ళు లేని సెగకు అడుగు రంగు మారి పాడవుతుంది. అందుకే నా పద్యంలో "పాత కుక్కరు" అన్నది.

మల్కాజిగిరి మాస్టారు:
అందరూ కుక్కర్ చుట్టూనే తిరుగుతున్నారు, నేను వేరే దారిన వస్తాను. క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, సమస్యను మూడు ముక్కలు చేసి మూడు జవాబులు.

పల్లి లెట్లు వేచు బండిపై నాతఁడు?
బువ్వ సంగతేమి పొయ్యి కడను?
దేనిఁ గోతు రయ్య దేవపుత్రుని నాడు?
ఇసుకఁ బోసి – వండె నింతి – కేకు

అమీర్‌పేట హాస్టల్ తమ్ముడు:
మాస్టారూ!!! అదిరింది. అవధానంలో అయితే చప్పట్లు ఆగవు.

ఉప్పల్ అక్క:
చప్పట్లు నేనూ కొడతా, కానీ ఇందులో కేకు ఎవరు వండారు మాస్టారూ? ఆవిడ వండింది బువ్వ. కేకు ఎక్కడో కొనుక్కొచ్చారు.

మల్కాజిగిరి మాస్టారు:
అమ్మా, పూరణ అంటేనే అసంగతాన్ని సంగతం చెయ్యడం. ఎలా చేశామన్నది కవి ఇష్టం.

నాగోలు నానమ్మ:
నాకు కుక్కర్ కేకులూ అవీ తెలియవు, మా పాప నేర్పిస్తే టైప్ చేస్తున్నాను.

మనుమరాలి తోడ మట్టిలోఁ గూర్చుండి
చిప్పఁ జేతఁ బట్టి చిన్నదగుచు
బొమ్మ పుట్టినట్టి పుణ్యదినమ్మంచు
ఇసుకఁ బోసి వండె నింతి కేకు

ఈసీఐఎల్ వదిన:
అయ్యో అమ్మా, ఎంత బాగుందో! కొబ్బరిచిప్పలో తడి ఇసుక కూరి బోర్లిస్తే వచ్చే కేకు.

మల్కాజిగిరి మాస్టారు:
"పుణ్యదినమ్మంచు" అని బొమ్మ పుట్టినరోజుకు అంత బరువైన మాట వెయ్యడంలోనే ఉంది చమత్కారమంతా. బొ–పు యతి. "చిన్నదగుచు" అన్న ఒక్క మాటతో ఆవిడ వయసు చెప్పారు, ఆ వయసు ఎటు పోయిందో కూడా చెప్పారు. అమ్మా, నమస్కారం.

తార్నాక నిర్వాహకుడు:
ఇక తీర్పు. చక్కెరను ఇసుక అన్నవాళ్ళు, కలలో వండిందన్నవాళ్ళు నాకు విడిగా పంపారు, అవన్నీ పక్కన పెట్టాను. కల అంటే ఏ సమస్యయినా తీరిపోతుంది, అందులో మన గొప్పేముంది. మాస్టారి క్రమాలంకారం ఈ వారం అన్నిటికన్నా నేర్పుగా కట్టిన పద్యం, అందులో అనుమానం లేదు. కానీ అది సమస్యను ముక్కలు చేసి గెలిచింది. ఇసుకా కేకూ ఒకే గిన్నెలో కలవనే లేదు. కుక్కర్ పద్యాల్లో ఉప్పల్ అక్కది ముందు, దాని ప్రకారం వండితే కేకు వస్తుంది. నానమ్మగారి పద్యంలో ఇసుక ఇసుకే, కేకు కేకే, వండిన ఇంతీ ఉంది, ఒక్క మాట విరవలేదు, అయినా అసంగతం మాయమైంది. మొదటి స్థానం ఆవిడకే.

ఉప్పల్ అక్క:
తినడానికి రాని కేకుకు ఫస్టా? కేకు పొంగాలని షరతు పెట్టింది మీరేగా!

తార్నాక నిర్వాహకుడు:
బొమ్మ తింటుంది అక్కా, దానికి పొంగినా పొంగకపోయినా ఒకటే. సరే, వదిన గుడ్డు లేని కేకు చెప్పారు కాబట్టి వచ్చే వారం సమస్య అందులోంచే, మళ్ళీ ఆటవెలదే:

గుడ్డు లేని కేకు గుడ్డుఁ బెట్టె

కల నిషేధం. కోడి అన్న మాట ఎక్కడా రాకూడదు. జనవరి 1 రాత్రి దాకా గడువు.