ఢిల్లీ బండి, 2014 స్విఫ్ట్ డీజిల్ – తీసుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది వరంగల్. 2014 స్విఫ్ట్ డీజిల్ ఒకటి చూశాను. ఢిల్లీ రిజిస్ట్రేషన్, 90,000 కి.మీ. తిరిగిందంటున్నారు. ఇక్కడి బండ్ల కంటే చాలా తక్కువకే ఇస్తామంటున్నారు. డబ్బులు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే ఎన్‌జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అక్కడి బండ్లు మన వైపు చౌకగా రావడం మొదలైంది అందుకే. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం), లోన్ క్లియరెన్స్, పాత చలాన్లు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అదీ కలిపి లెక్క వేసుకో. 2029కి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి.

మీటర్ రీడింగ్ నమ్మకు, ఇంజిన్‌ని నమ్ము. పొద్దున్నే వెళ్లి, సెల్ఫ్ కొట్టక ముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. నేను అక్కడే మోసపోయాను. కొన్న మర్నాడు చల్లటి ఇంజిన్ ఎంతకీ అందుకోలేదు, చివరికి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పాల్సి వచ్చింది.

స్టార్ట్ అయ్యాక ఇంజిన్ ఆయిల్ పోసే చోట ఉండే మూత వదులు చేసి, బిగించకుండా ఆ రంధ్రం మీదే ఉంచు. కొద్దిగా ఆవిరి వస్తే పర్వాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఆ బండి వద్దు. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజెక్టర్లో, హెడ్ గాస్కెట్టో (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) అనుమానించాలి. ఈ ఇంజిన్‌లో వాల్వులను టైముకి నడిపేది బెల్టు కాదు, టైమింగ్ చైన్. స్టార్ట్ కాగానే గలగలమంటే మెకానిక్‌కి వినిపించు.

ప్రశ్న: తీసుకుంటే మెయింటెనెన్స్ ఎలా అన్నా?

జవాబు: రాగానే ఇంజిన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించు, పాత బిల్లులు చూపించినా సరే. డీజిల్‌లో నీళ్లు చేరితే పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి, అందుకని ఫిల్టర్ దగ్గర పిసినారితనం వద్దు. హైవే మీద గట్టిగా నడిపొచ్చి వెంటనే ఆపేయకు, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది.

ప్రశ్న: ఇవాళ ఏడింటికి వెళ్లానన్నా. బానెట్ వేడిగానే ఉంది.

జవాబు: ఇంకోసారి ఫోన్ చేయకుండా వెళ్లు. అప్పుడూ వేడిగా ఉంటే వదిలెయ్ తమ్ముడూ.