పార్కింగ్ సర్వే టెండర్: బండి నంబర్లు ఎంతసేపటికోసారి రాయించాలి?

నెల్లూరు ట్రంకురోడ్డు, చిన్నబజారు లాంటి చోట్ల పార్కింగ్ అవసరం లెక్కగట్టే కన్సల్టెంట్‌కి షరతులు రాయాలి. ఇలాంటి సర్వేలు చేయించినవాళ్ళు చెప్పండి.

సర్వే మనిషి వీధంతా తిరిగి, ఆగి ఉన్న బళ్ళ నంబర్లు గంటకోసారి రాస్తే, పావుగంటలో వచ్చిపోయే మోటార్‌సైకిళ్ళు చాలావరకు లెక్కకే రావు. బండి సగటున ఆగే సమయం ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. పావుగంటకోసారంటే మనుషులు, ఖర్చు రెండూ పెరుగుతాయి. బైకులుండే వీధికి 15 నిమిషాలు, కార్లుండే చోటికి 30 అని విడదీయొచ్చా? ఒక మనిషికి ఎన్ని మీటర్ల వీధి అప్పజెప్పాలి?

మామూలు మంగళవారం ఒక్కటే లెక్కిస్తే సంక్రాంతి ముందు రద్దీ తెలియదు. పండగ లెక్కకే పార్కింగ్ కట్టేస్తే మిగతా ఏడాదంతా ఖాళీ. రెండూ విడివిడిగా అడగాలా? తోపుడుబళ్ళు, ఆటోలు ఆపే జాగా కూడా కొలిపించాలా?

ముడి లెక్కలు ఎక్సెల్‌లోనే ఇవ్వాలన్న షరతు ఎటూ పెడుతున్నాం. లేకపోతే పీడీఎఫ్ పడేసి చేతులు దులుపుకుంటారు.