పుచ్చీని ఒపెరా 'జాన్నీ స్కిక్కీ' గురించి రెండు సందేహాలు

ఒపెరాలు (పాటలతోనే సాగే నాటకాలు) నాకు కొత్త. మొన్న ఇది చూశాను. 1918లో న్యూయార్క్‌లో మొదటిసారి ప్రదర్శించారు, నిడివి గంట లోపే.

కథ 1299 నాటి ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌ది. బువోసో అనే ధనవంతుడు చనిపోతాడు. చుట్టాలంతా దొంగ ఏడుపులు ఏడుస్తుంటారు. ఆస్తి మఠానికి రాశాడని తెలిశాక అసలు ఏడుపు మొదలవుతుంది (ఇక్కడ పగలబడి నవ్వాను). అప్పుడు చుట్టాలకి సాయానికొచ్చిన జిత్తులమారి స్కిక్కీ శవాన్ని తీయించి, తనే మంచమెక్కి, గొంతు మార్చి నోటరీతో కొత్త వీలునామా రాయిస్తాడు. అందరూ ఆశపడ్డ కంచరగాడిద, ఇల్లు, సీన్యాలోని మిల్లులు మాత్రం తన పేరునే! నోరు విప్పితే వాళ్లకీ చెయ్యి నరికి ఊరు వెళ్లగొట్టే శిక్షే. కక్కలేరు, మింగలేరు.

నా సందేహాలు ఇవీ. స్కిక్కీ కూతురు లౌరెత్తా తండ్రిని బతిమాలే పాట విడిగా వింటే ఎంత తియ్యగా ఉంటుందో! కానీ మాటలు చూస్తే, ప్రేమించినవాడితో పెళ్లి కాకపోతే ఆర్నో నదిలో దూకుతానని బెదిరింపు. గాయనులు దీన్ని నిజమైన బాధగా పాడతారా, నాన్నను బుట్టలో వేసే గారంగానా? సంగీతంలో ఏదైనా సూచన ఉందా?

రెండోది, ఇటాలియన్ కవి డాంటే తన కావ్యంలో స్కిక్కీని నరకంలో పడేశాడు. ఇక్కడేమో చివర్లో మనవైపు తిరిగి, మీకు సరదాగా గడిచి ఉంటే కాస్త శిక్ష తగ్గించమంటాడు. నేనైతే వదిలేశాను. మీరు?

సంగీతం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.