ఛాన్స్ అన్న ప్రతిచోటా 'అవకాశం' అని రాయాలా?

ఇంగ్లిష్ 'ఛాన్స్'కి తెలుగులో 'అవకాశం' తప్ప వేరే మాట లేదా అని పొద్దున ఒకరు అడిగారు. ఉందండీ, ఒకటి కాదు చాలా ఉన్నాయి. కాకపోతే ఆ మాటకున్న అర్థాలు ముందు విడదీసి చూసుకోవాలి.

ఇంగ్లిష్‌లో ఛాన్స్ అంటే ఒకటి, ఏదైనా జరగడానికి ఎంత వీలుందన్న లెక్క, పదో తరగతి గణితంలో మనం సంభావ్యత అని చదువుకున్నది. రెండు, దొరికే అవకాశం. మూడు, ఎవరూ అనుకోకుండా జరిగేది. ఈ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని మూలం లాటిన్‌లో 'పడటం' అనే అర్థమున్న 'కాదెరె'. పాచిక ఎటు పడితే అటు, అదీ భావం. యాక్సిడెంట్ అన్న మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. మనకు 'పందెం పడింది' అనే మాట ఉంది కదా, అలాంటిదే. మూడో అర్థానికి మన దగ్గరున్న 'కాకతాళీయం'లోనూ పడటమే ఉంది చూడండి, కాకి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం!

మన మాటల్లోకి వచ్చిన ఛాన్స్ మాత్రం ఎక్కువగా రెండో అర్థంతోనే స్థిరపడింది. కృష్ణానగర్‌లో సినిమా ఛాన్సుల కోసం తిరుగుతున్నాడు అంటాం, ఒక్క ఛాన్స్ ఇవ్వండి సార్ అంటాం. 'ఛాన్సే లేదు' అన్నప్పుడు మాత్రం సంభావ్యత అర్థం, అసలు జరగదు అని. మొత్తమ్మీద ఛాన్స్ అనగానే తెలుగువాడి చెవికి కావాల్సింది దొరకడం అనే వినిపిస్తుంది, అవకాశం అన్న మాటకూ అదే రంగు పట్టింది.

ఇబ్బంది అక్కడే. 'శిథిల భవనం కూలే అవకాశం ఉంది', 'డెంగీ సోకే అవకాశం ఉంది', ఇంకా దారుణంగా 'ప్రాణాలు పోయే అవకాశం ఉంది' అని రోజూ చదువుతున్నాం. డెంగీ రావడం ఒక అవకాశమా? ఇంట్లో జ్వరంతో పిల్లవాడు పడుకుని ఉంటే ఆ వాక్యం చదివేవాళ్లకు ఎలా ఉంటుందో రాసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. సంస్కృతంలో అవకాశం అంటే చోటు, ఖాళీ కాబట్టి ప్రమాదానికీ చోటుంటుంది, తప్పేమీ లేదని కొందరు వాదిస్తారు. వ్యుత్పత్తి ప్రకారం ఆ వాదన సరైనదే, కానీ ఇవాళ ఆ మాట వింటే మనసులో మెదిలే అర్థం వేరు, నేను దానికే ఓటు వేస్తాను. భవనానికి 'కూలే ప్రమాదం ఉంది' అనొచ్చు, వరదకు 'ముప్పు' ఉంది, జబ్బుకు 'సోకే ప్రమాదం' ఉంది. పొరపాట్లకు, అనుమానాలకు 'ఆస్కారం' అనే చక్కటి మాట ఉంది, దాన్ని ఎందుకో మరిచిపోతున్నాం.

అసలు ఇలాంటిచోట నామవాచకమే అక్కర్లేదు, తెలుగు ఈ పని క్రియతో చేసేస్తుంది. మబ్బు పట్టి చల్లగాలి వీస్తుంటే 'వాన పడేటట్టుంది' అంటాం, అంటే కంటికి ఆధారం కనిపిస్తోంది. 'పడొచ్చు' అంటే వీలుంది, అంతవరకే. 'పడుతుందేమో' అంటే చెప్పేవాడికే గట్టి నమ్మకం లేదు. 'పడితే పడొచ్చు' అన్నామా, వీలు ఇంకా తగ్గింది, గొడుగు ఇంట్లో వదిలేసి వెళ్లేంత. 'పడక మానదు' అంటే దాదాపు ఖాయం. ఇన్ని మెట్లు ఉండగా వార్తల్లో మాత్రం అన్నింటికీ ఒకే 'అవకాశం ఉంది'!

వాతావరణ వార్తల్లో దీనివల్ల సమాచారమే పోతోంది. బేగంపేట వాతావరణ కేంద్రం నుంచి వచ్చే ఇంగ్లిష్ బులెటిన్‌లో లైక్లీ, వెరీ లైక్లీ, మోస్ట్ లైక్లీ అన్నవి ఊరికే వాడే మాటలు కావు. వాతావరణ శాఖ లెక్కలో లైక్లీ అంటే వాన పడే వీలు 25 నుంచి 50 శాతం, వెరీ లైక్లీ అంటే 50 నుంచి 75, మోస్ట్ లైక్లీ అంటే 75 పైన. తెలుగులోకి వచ్చేసరికి మూడూ 'వర్షం కురిసే అవకాశం' అయిపోతున్నాయి. చిత్రమేమిటంటే, వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ ఇచ్చే నివేదికల్లో అదే లైక్లీ అంటే 66 శాతం పైమాట, వెరీ లైక్లీ అంటే 90 పైన. ఒకే మాటకు రెండుచోట్ల రెండు కొలతలు, అందుకే ఏ సంస్థ చెప్పిందో చూడకుండా అనువాదం చేయకూడదంటాను. నన్నడిగితే వాతావరణ శాఖ మాటలు మూడింటికీ వరుసగా 'పడొచ్చు', 'పడే సూచనలు బాగా ఉన్నాయి', 'దాదాపు ఖాయంగా పడుతుంది' అని రాస్తాను. పక్కన శాతం కూడా వేస్తే ఇంకా మంచిది. అన్నట్టు బులెటిన్లలో వచ్చే 'అక్కడక్కడ' ఈ లెక్కలోది కాదు, అది ఎన్ని చోట్ల పడుతుందన్నది చెబుతుంది, పడుతుందా పడదా అన్నది కాదు.

ఇంకొకరు 'బహుశా' అన్న మాట సంగతి అడిగారు. సంస్కృతంలో దానికి చాలాసార్లు, ఎక్కువగా అనే అర్థం. తెలుగులో మాత్రం ఒకరు గట్టిగా అనుకున్నప్పుడూ, ఇంకొకరు ఊరికే సందేహంగా అన్నప్పుడూ వాడుతున్నారు. ఇంగ్లిష్‌లో ప్రాబబ్లీ, పర్హాప్స్ వేర్వేరు, మొదటిదాంట్లో నమ్మకం ఎక్కువ. నేనైతే మొదటిదానికి 'బహుశా వస్తాడు' అని, రెండోదానికి బహుశా తీసేసి 'వస్తాడేమో' అని రాస్తాను. 'బహుశా రావచ్చేమో' అని బహుశా, వచ్చు, ఏమో మూడూ కలిపి రాస్తే మాత్రం వస్తాడని చెప్పారో రాడని చెప్పారో చదివినవాళ్లకు తెలియదు. అనువాదం చేసేవాళ్లు కనీసం అదొక్కటి మానేయండి.