టజిమా డి మైనస్‌లో ఉంటే అది సెలెక్షనా, జనాభా పెరుగుదలా?

జీనోమ్ డేటాలో ప్రకృతి వరణం (సెలెక్షన్) ఆనవాళ్లు వెతుకుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు దయచేసి దారి చూపించండి.

ఒక క్రోమోజోమ్‌లో చిన్న ప్రాంతంలో టజిమా డి విలువ (జన్యు వైవిధ్యాన్ని రెండు రకాలుగా లెక్కగట్టి పోల్చే కొలత; అరుదైన మ్యుటేషన్లు ఎక్కువైతే మైనస్‌లోకి వెళ్తుంది) -2 కంటే కిందికి దిగింది. అక్కడే ఐహెచ్‌ఎస్ స్కోరు కూడా ఎక్కువ, అంటే ఒకే హాప్లోటైప్ (కలిసి వారసత్వంగా వచ్చే డీఎన్‌ఏ తేడాల వరస) చాలా దూరం చెక్కుచెదరకుండా వస్తోంది. చూడగానే సెలెక్టివ్ స్వీప్ (మేలు చేసే మ్యుటేషన్ త్వరగా వ్యాపిస్తూ చుట్టుపక్కల డీఎన్‌ఏని కూడా వెంట తీసుకెళ్లడం) అనిపిస్తుంది. కానీ జనాభా వేగంగా పెరిగినా అరుదైన మ్యుటేషన్లు పోగుపడి డి మైనస్‌లోకే వెళ్తుంది కదా! పైగా అక్కడ రీకాంబినేషన్ (తల్లిదండ్రుల నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకోవడం) రేటు తక్కువ. పొడవాటి హాప్లోటైప్‌కి అదొక్కటే చాలు.

జనాభా చరిత్ర ప్రభావం జీనోమ్ అంతటా పడుతుంది కాబట్టి మిగతా ప్రాంతాలతో పోల్చి చూశాను. ఇది అన్నిటికంటే విపరీతమైన విలువలున్న చివరి 1 శాతంలో ఉంది. అయితే సెలెక్షన్ అసలు లేకపోయినా ఏ డేటాకైనా చివరి 1 శాతం అంటూ ఉంటుంది. నా టెన్షనంతా అదే.

ఎంఎస్‌ప్రైమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో న్యూట్రల్ (సెలెక్షన్ లేని) సిమ్యులేషన్లు నడిపి, స్థానిక రీకాంబినేషన్ మ్యాప్ ఇచ్చి పోలిస్తే సరిపోతుందా? లేక బ్యాక్‌గ్రౌండ్ సెలెక్షన్ (హానికర మ్యుటేషన్లు తొలగిపోతూ పక్కనున్న వైవిధ్యాన్నీ తగ్గించడం) కోసం సెలెక్షన్‌ని కూడా సిమ్యులేట్ చేసే స్లిమ్ సాఫ్ట్‌వేర్ తప్పదా? రెండు జనాభాల హాప్లోటైప్ పొడవుల్ని పోల్చే ఎక్స్‌పీ-ఈహెచ్‌హెచ్ పరీక్ష వాడాలంటే పోలికకు ఎంత దగ్గరి జనాభాను తీసుకోవాలి? మీరు ఇలాంటి సిగ్నల్‌ని ఎలా నిర్ధారించుకున్నారో చెప్పినా చాలు.