థర్మల్ లోడ్ కలపగానే టోపాలజీ ఆప్టిమైజేషన్ దారి తప్పుతోంది (స్టీలు + అల్యూమినియం)

మెష్_మాస్టారు: రెండు చివర్లూ బిగించిన 2డీ బ్రాకెట్‌లో లోహం ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో టోపాలజీ ఆప్టిమైజేషన్‌తో తేలుస్తున్నా. నడుమ మెకానికల్ లోడ్, బ్రాకెట్ అంతటా ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరుగుతుంది. స్టీలు, అల్యూమినియం, ఖాళీ – ఈ మూడింట్లో ఎంపిక. సిమ్ప్ (ఎలిమెంట్ డెన్సిటీని, అంటే 0–1 మధ్య లోహం పాలును, పెనాల్టీ ఘాతానికి పెంచి స్టిఫ్‌నెస్ లెక్కించే పద్ధతి), పెనాల్టీ 3, కంప్లయన్స్ (లోడ్ కింద మొత్తం లొంగుబాటు) తగ్గించాలి. వాల్యూమ్ 40 శాతం దాకా ఇచ్చినా 22 దాటట్లేదు, అంతా బూడిద రంగే (పూర్తి లోహమూ కాదు, ఖాళీ కాదు). పైగా ఓసీ (ఆప్టిమాలిటీ క్రైటీరియా, ప్రతి అడుగులో డెన్సిటీలను మార్చే సూత్రం) అప్‌డేట్‌లో కాంప్లెక్స్ సంఖ్యలు వస్తున్నాయి. వేడి తీసేస్తే అదే కోడ్ బాగానే నడుస్తోంది. ఎక్కడ చూడాలి?

కడ్డీ_లెక్క: వాల్యూమ్ మిగలడం బగ్ కాదండీ. బిగించిన చోట లోహం పెరిగితే దాంతోపాటే థర్మల్ లోడూ పెరుగుతుంది. కదలనివ్వని కడ్డీలో స్ట్రెస్ అంటే యంగ్స్ మాడ్యులస్ (లోహం బిగువు), ఆల్ఫా (వ్యాకోచ గుణకం), ఉష్ణోగ్రత పెరుగుదల – మూడింటి లబ్ధం. స్టీలుకు 210 జీపీఏ, డిగ్రీకి 12 మైక్రో వేస్తే 252 ఎంపీఏ. అల్యూమినియంకు 70, 23 వేస్తే 161. వ్యాకోచం దాదాపు రెట్టింపైనా తోసే బలం తక్కువే. కంప్లయన్స్ ఒక్కటే చూస్తే లోహం తీసేయడమే ఆప్టిమైజర్‌కి లాభం. లోడ్ పాయింట్ దగ్గర డిస్‌ప్లేస్‌మెంట్‌కో, స్ట్రెస్‌కో హద్దు పెట్టి బరువు తగ్గించమనండి.

ఇక కాంప్లెక్స్ సంఖ్యలు: కొన్ని ఎలిమెంట్లలో సెన్సిటివిటీ (డెన్సిటీ కదిపితే కంప్లయన్స్ ఎంత మారుతుందో చెప్పే గ్రేడియంట్) పాజిటివ్ అవుతోంది, ఓసీ వర్గమూలంలో రుణ సంఖ్య పడుతోంది. దాన్ని సున్నా దగ్గర కత్తిరించి సరిపెట్టకండి, ఎంఎంఏకి (మెథడ్ ఆఫ్ మూవింగ్ అసింప్టోట్స్, సెన్సిటివిటీ ఏ గుర్తుతో ఉన్నా నడిచే అప్‌డేట్ పద్ధతి) మారండి. మూవ్ లిమిట్ (ఒక్క అడుగులో డెన్సిటీ మారగల హద్దు) 0.2 ఉంటే 0.05కి దించండి.

ర్యాంప్_రావు: బూడిద సంగతి: థర్మల్ లోడ్‌ని లీనియర్‌గా వదిలేశారా? డెన్సిటీ 0.1 దగ్గర స్టిఫ్‌నెస్ 0.001, లోడ్ మాత్రం 0.1. ఆ పలచటి ఎలిమెంట్ 100 రెట్లు ఉబ్బుతుంది, పక్కవాటినీ లాగేస్తుంది. మాడ్యులస్, ఆల్ఫాల లబ్ధాన్ని ఒకే గుణంగా తీసుకుని, స్టిఫ్‌నెస్‌కి వాడిన ఫంక్షనే దానికీ వాడండి. సిమ్ప్ బదులు ర్యాంప్ (అదే పని చేసే ఇంకో ఫంక్షన్) మేలు, సున్నా డెన్సిటీ దగ్గర దాని వాలు సున్నా కాదు. స్టీలా అల్యూమినియమా అన్నది రెండో వేరియబుల్‌కి వదలండి.

మెష్_మాస్టారు: అవునండీ, లోడ్ లీనియరే. గ్రేడియంట్ సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చాలి?

కడ్డీ_లెక్క: కాంప్లెక్స్ వచ్చిందంటే లోడ్ డెరివేటివ్ పదం మీ కోడ్‌లో ఉన్నట్టే. దాని ముందు 2 ఉందా? చాలామంది దగ్గర పోయేది అదే. నాలుగైదు ఎలిమెంట్లలో డెన్సిటీని 0.00001 కదిపి ఫైనైట్ డిఫరెన్స్‌తో పోల్చండి. ఫిల్టర్ (పక్క ఎలిమెంట్ల డెన్సిటీలతో సగటు తీసేది) ఆపేసి ఒకసారి, పెట్టి ఒకసారి. ఉష్ణోగ్రత కూడా కండక్షన్ సాల్వ్ నుంచే వస్తుంటే ఇంకో అడ్జాయింట్ (గ్రేడియంట్ కోసం చేసే అదనపు సాల్వ్) తప్పదు.

ర్యాంప్_రావు: స్ట్రెస్ హద్దు పెడితే ఇంకో చిక్కు. స్టీలు, అల్యూమినియం కలిసే గీత బయటి అంచుని తాకే చోట స్ట్రెస్ సింగ్యులర్ కావచ్చు. మెష్ సన్నం చేసేకొద్దీ పెరుగుతూనే పోతుంది. ఆ మూలలోని ఎలిమెంట్లను పీ-నార్మ్ (అన్ని ఎలిమెంట్ల స్ట్రెస్‌ను గరిష్ఠానికి దగ్గరి ఒకే సంఖ్యగా చేసే కొలత) నుంచి తీసేయండి, లేదా ఫిల్టర్ రేడియస్ పెంచి మార్పును మూడు నాలుగు ఎలిమెంట్ల మీద పరచండి.