మూడో పార్టీకి వేసిన ఓటు అమెరికాలో ఎక్కడికి పోతుంది?

నోవై కొత్త ఓటరు:

అందరికీ నమస్తే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇప్పుడు ఉండేది మిషిగన్‌లో, నోవైలో. ఈ మధ్యే డెట్రాయిట్‌లో పౌరసత్వం ఓత్ తీసుకున్నాను. హాలు బయట టేబుల్ వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చిన్న జెండా, ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం చేతిలో పెట్టింది. జెండా మా పాప లాగేసుకుంది. ఫారం ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్ కింద ఉంది.

2028లో మొదటిసారి అధ్యక్షుడికి ఓటేస్తాను. రెండు పార్టీల్లో ఏదీ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇక్కడ రాస్తే తగువు మొదలవుతుంది, వదిలేయండి. ఆఫీసులో లంచ్ దగ్గర "మూడో వాళ్లకి వేస్తే ఏమవుతుంది?" అని అడిగితే బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఒకేసారి నవ్వారు. "చెత్తబుట్టలో వేసినట్టే" అన్నాడు పక్కవాడు.

నాకు ఈ మాట కొత్త కాదు. ఇండియాలో నా మొదటి ఓటు 2009లో ప్రజారాజ్యానికి. చిరంజీవి మా పాలకొల్లులో నిలబడ్డారు. అత్తారి ఊరు కదా, గెలుపు ఖాయం అనుకున్నాం. ఓడిపోయారు. తిరుపతిలో గెలిచారు కాబట్టి సరిపోయింది. రాష్ట్రం మొత్తం మీద 294లో 18 సీట్లు. 2011లో పార్టీనే కాంగ్రెస్‌లో కలిపేశారు. మా నాన్న ఇప్పటికీ ఫోన్లో "నీ ఓటు ఇప్పుడు ఏ పార్టీలో ఉందిరా?" అంటాడు.

అక్కడ కనీసం 18 వచ్చాయి. ఇక్కడ 2025 జూలైలో ఇలాన్ మస్క్ అమెరికా పార్టీ పెడతానంటే మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే గోల. అంత డబ్బున్నవాడికైనా సాధ్యమేనా? మూడో మనిషి అధ్యక్షుడయ్యే దారి అసలు ఉందా? లేకపోతే బ్యాలట్ మీద ఆ పేర్లు ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి, నవ్వకుండా.

ట్రాయ్ అక్క:

తమ్ముడూ, నవ్వను గానీ భయపెడతాను. నువ్వున్నది మిషిగన్. 2016లో ఇక్కడ ట్రంప్ గెలిచింది 10,704 ఓట్ల తేడాతో. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి 51 వేలు పైగా వచ్చాయి. లిబర్టేరియన్ గ్యారీ జాన్సన్‌కి లక్షా 72 వేలు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. 2000లో ఫ్లోరిడా ఇంకా ఘోరం. అల్ గోర్ మీద చిన్న బుష్ ఆధిక్యం 537 ఓట్లు, గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కి పడ్డవి 97 వేలు. 1992లో ఇండిపెండెంట్‌గా రాస్ పెరో నిలబడకపోతే క్లింటన్ గెలిచేవాడే కాదు. ఈ మూడో మనిషి గెలవడానికి రాడు, ఓట్లు చీల్చడానికి వస్తాడు. అంతే.

పాత డల్లాస్ మనిషి:

అక్క చెప్పిన అంకెలు నిజమే. పెరో సంగతి మాత్రం నేను ఒప్పుకోను, ఆ ఎన్నిక నేను కళ్లారా చూశాను.

1992లో నేను ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒక అపార్ట్‌మెంట్‌లో అయిదుగురం, పన్నెండు అంగుళాల టీవీ ఒకటి, దానికి కుందేలు చెవుల ఏంటెనా. రాస్ పెరో డల్లాస్ మనిషి కావడంతో ఊరంతా ఆయన మాటే. ఆయన టీవీలో అరగంట టైము డబ్బు పెట్టి కొనుక్కుని, చేతిలో పుల్లతో అట్టల మీద గ్రాఫులు చూపిస్తూ దేశం అప్పు గురించి పాఠం చెప్పేవాడు. అచ్చం మా ఊరి లెక్కల మాస్టారిలాగే, ఆ సన్న గొంతు, ఆ విసుగు. అన్నం వండుకుంటూ అందరం చూసేవాళ్లం. ఓటున్న వాడు మాలో ఒక్కడూ లేడు, వాదనలకు మాత్రం లోటు లేదు.

జూన్‌లో కొన్ని సర్వేల్లో ఆయన అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్, క్లింటన్ ఇద్దరికన్నా ముందున్నాడు. జూలైలో ఉన్నట్టుండి తప్పుకున్నాడు. అక్టోబరు 1న మళ్లీ వచ్చాడు. వచ్చి మూడు డిబేట్లలోనూ వాళ్లిద్దరి పక్కన నిలబడ్డాడు. చివరికి 18.9 శాతం, కోటీ 97 లక్షల ఓట్లు. కానీ అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ మొదట వచ్చినవాడికే అవన్నీ పోతాయి. ఆయనకి వచ్చినవి? సున్నా. మెయిన్ రాష్ట్రంలో బుష్‌ని దాటి, యూటాలో క్లింటన్‌ని దాటి రెండో స్థానంలోకి వచ్చాడు. ఇక్కడ రెండో స్థానానికి ఏమీ ఇవ్వరు.

క్లింటన్‌ని ఆయనే గెలిపించాడన్న మాటకి వస్తాను. ఆ రోజు ఓటేసి బయటికొచ్చిన పెరో ఓటర్లను "ఆయన లేకపోతే ఎవరికి వేసేవాళ్లు?" అని అడిగారు. బుష్‌కి అన్నవాళ్లూ క్లింటన్‌కి అన్నవాళ్లూ దాదాపు సమానం, చెరో 38 శాతం. మిగతావాళ్లలో చాలామంది అసలు పోలింగుకే వచ్చేవాళ్లం కాదన్నారు. అక్కా, మూడో వాడి ఓట్లన్నీ మన జేబులోంచే పోయాయని ఓడినవాళ్లు అనుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. ఫ్లోరిడాలో లాగా తేడా 537 అయినప్పుడు మాత్రం మీ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇక అసలు ప్రశ్న. ఓట్లు ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎక్కడ కుప్పపడ్డాయన్నదే ఇక్కడ లెక్క. 1948 చూడండి. స్ట్రామ్ థర్మండ్, హెన్రీ వాలెస్ ఇద్దరూ ఆ ఏడాది మూడో వర్గం మనుషులే, ఇద్దరికీ దేశం మొత్తం మీద దాదాపు 2.4 శాతం చొప్పున వచ్చాయి. థర్మండ్‌వి దక్షిణాదిలో నాలుగు రాష్ట్రాల్లో గుట్టగా పడ్డాయి, 39 ఎలక్టోరల్ ఓట్లు. వాలెస్‌వి దేశమంతా చల్లినట్టు పడ్డాయి, ఒక్కటీ రాలేదు. 1968లో ఇంకో వాలెస్, అలబామా జార్జ్ వాలెస్, 13.5 శాతంతో అయిదు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు. పెరోకి అంతకన్నా ఎక్కువ వచ్చీ ఏం లాభం? థర్మండ్, జార్జ్ వాలెస్ ఇద్దరి సరుకూ జాతి వివక్షే, వాళ్లని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. ఆ ద్వేషం ఒక మూలన గట్టిగా ఉంది కాబట్టే రాష్ట్రాలు దక్కాయి.

అన్నిటికన్నా దగ్గరికొచ్చింది 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్. 27 శాతం ఓట్లు, 88 ఎలక్టోరల్ ఓట్లు. సొంత పార్టీ అధ్యక్షుడు టాఫ్ట్‌ని మూడో స్థానంలోకి తోసేశాడు. ఆయన మాజీ అధ్యక్షుడు, దేశంలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. ఆయనకే కుదరలేదు.

గెలిచిన కొత్త పార్టీ ఒకటుంది. రిపబ్లికన్ పార్టీ. 1854లో పుట్టి 1860లో లింకన్‌ని గెలిపించింది. కానీ అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ అప్పటికే బానిసత్వం ప్రశ్న మీద చీలి కూలిపోయింది. వీళ్లు ఆ ఖాళీలోకి దూరారు. ఎన్టీఆర్‌దీ అదే కథ కదా. 1982 మార్చిలో పార్టీ, 1983 జనవరిలో అధికారం. కాంగ్రెస్‌కి ఎదురుగా అప్పుడు గట్టి రెండో పార్టీ రాష్ట్రంలో లేదు, ప్రతిపక్షం చెల్లాచెదురుగా ఉంది. 2009లో ప్రజారాజ్యం వచ్చేసరికి రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. పదహారు శాతం పైన ఓట్లు వచ్చీ 18 సీట్లతో ఆగిపోయింది. మీ ఓటు తప్పు కాదు, బాబూ, ఖాళీ లేదంతే.

నోవై కొత్త ఓటరు:

సార్, ఇది మా నాన్నకి చదివి వినిపించాను. "అయితే నీ తప్పు లేదంటావు" అని పెట్టేశాడు.

మస్క్ సంగతి చెప్పలేదు మీరు. డబ్బుంటే ఈ గోడలు దూకలేరా?

పాత డల్లాస్ మనిషి:

మస్క్ ఎలాగూ అధ్యక్షుడు కాలేడు, దక్షిణాఫ్రికాలో పుట్టాడు. వేరే ఎవరినో నిలబెట్టాలి. ఇక డబ్బంటారా, పెరోది కూడా సొంత డబ్బే.

మన ఊళ్లో గుర్తింపు లేని పార్టీ వాడు అసెంబ్లీకి నామినేషన్ వేయాలంటే పదిమంది ప్రతిపాదకులు, పదివేల డిపాజిట్ చాలు. ఇక్కడ యాభై రాష్ట్రాలకి యాభై రూల్స్. 2024లో టెక్సస్‌లో ఇండిపెండెంట్‌గా బ్యాలట్ ఎక్కాలంటే లక్షా 13 వేల పైచిలుకు సంతకాలు కావాలి. మార్చి ప్రైమరీ, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక, అయ్యాకే మొదలుపెట్టాలి, మే మధ్యకి ముగించాలి. అసలు మెలిక ఇంకోటి. ఆ ఏడాది ప్రైమరీలో ఓటేసినవాడు సంతకం పెట్టకూడదు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, ఆ ఏప్రిల్‌లో మా ఇండియన్ గ్రోసరీ ముందు ఇండిపెండెంట్ అభ్యర్థి రాబర్ట్ కెనడీ జూనియర్ కోసం ఒక కుర్రాడు క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. పాపం అని పెన్ను తీసుకున్నాను. "మార్చిలో ప్రైమరీలో ఓటేశారా?" అని అడిగాడు. వేశాను. జడ్జి పోస్టు ఒకదానికి వేయాలని వెళ్లాను. "అయితే వద్దండీ, చెల్లదు" అని పెన్ను నా చేతిలోంచి తీసేసుకున్నాడు. ఎన్నికలంటే ఆసక్తి ఉండి అన్నిసార్లూ ఓటేసేవాళ్లెవరూ అతనికి పనికిరారు. కొత్తిమీర కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఇవి దాటినా డిబేట్ గడప ఉంది. పెరో 1992లో ఎక్కాడు, 1996లో ఎక్కనివ్వలేదు. 2000 నుంచి సర్వేల్లో సగటున 15 శాతం ఉంటేనే అని డిబేట్ కమిషన్ గీత గీసింది. టీవీలో కనపడకపోతే 15 శాతం రాదు, 15 శాతం రాకపోతే టీవీలో కనపడరు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న వ్యవహారం. 2024లో కమిషన్ పక్కకి పోయి టీవీ చానళ్లే డిబేట్లు పెట్టుకున్నాయి. ఆ 15 మాత్రం అలాగే ఉంది. జూన్ డిబేట్‌కి కెనడీకి పిలుపు లేదు, ఆగస్టు 23న ప్రచారం ఆపేసి ట్రంప్‌కి మద్దతు చెప్పాడు.

ట్రాయ్ అక్క:

ఆపినా మా బ్యాలట్ మీంచి పేరు పోలేదు, బాబాయ్ గారూ! తీసేయమని కెనడీయే కోర్టుకెళ్లాడు. మిషిగన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. బ్యాలట్ ఎక్కడానికి అంత తిప్పలు, దిగడానికి ఇంకో తిప్పలు. పోటీలో లేని మనిషికి ఇక్కడ 26 వేల మంది ఓటేశారు. మా అత్తగారు ఆబ్సెంటీ బ్యాలట్ నింపుతూ "ఈయన తప్పుకున్నాడన్నారు కదే?" అని నన్ను అడిగింది. పెరో విషయం మీరు చెప్పాక తగ్గుతున్నాను. నేడర్ దగ్గర తగ్గను.

లెక్కల పిచ్చోడు:

ఒక ముక్క కలుపుతాను. మూడో మనిషి రెండు మూడు రాష్ట్రాలు గెలిచి, గెలుపుకి కావాల్సిన 270 ఎలక్టోరల్ ఓట్లు ఎవరికీ రాకుండా ఆపాడనుకుందాం. చక్రం తన చేతికొస్తుందని అందరూ అనుకుంటారు. రాదు. పన్నెండో సవరణ ప్రకారం అది ప్రతినిధుల సభకి పోతుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. కాలిఫోర్నియాకీ ఒకటే, వ్యోమింగ్‌కీ ఒకటే. 26 వచ్చినవాడు అధ్యక్షుడు. సభలో ఉన్నది ఆ రెండు పార్టీల వాళ్లే, ఇక మూడో వాడికి ఎవరు వేస్తారు? చివరిసారి ఇలా తేలింది 1824 ఎన్నిక. అప్పుడు ఓట్లు ఎక్కువొచ్చిన జాక్సన్ ఓడిపోయి ఆడమ్స్ అధ్యక్షుడయ్యాడు.

మీ భయానికి మందు ఉన్నది మెయిన్, అలాస్కాల్లో. అక్కడ అధ్యక్ష ఎన్నికలోనూ ఇష్టాలు వరుసగా రాయొచ్చు: ఒకటి వీడు, రెండు వాడు. మొదటివాడు పోటీలోంచి పోతే ఓటు రెండోవాడికి చేరుతుంది. చీలిక గొడవ లేదు. అలాస్కాలో 2024లో దాన్ని రద్దు చేయాలని జనం ముందు పెడితే వెయ్యి ఓట్ల లోపు తేడాతో బతికి బయటపడింది. మీ మిషిగన్‌లో అధ్యక్షుడికి ఆ సౌకర్యం లేదు.

నోవై కొత్త ఓటరు:

అందరికీ థాంక్స్. సార్, చివరిగా ఒకటి. మీరు ఎప్పుడైనా వేశారా, మూడో వాళ్లకి?

పాత డల్లాస్ మనిషి:

2016లో జాన్సన్‌కి వేశాను. సెప్టెంబరులో టీవీ ఇంటర్వ్యూలో సిరియా యుద్ధంలో నలుగుతున్న అలెప్పో నగరం గురించి అడిగితే "అలెప్పో అంటే ఏమిటి?" అన్న మనిషికి. అయినా వేశాను. టెక్సస్‌లో ఆ ఏడాది తేడా ఎనిమిది లక్షల పైనే. నా ఓటుతో ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. జాతీయంగా 5 శాతం దాటితే తర్వాతి ఎన్నికకి ఆ పార్టీకి ప్రభుత్వ నిధులు వస్తాయి, పెరో పార్టీకి 1996లో 2 కోట్ల 90 లక్షల డాలర్లు అలాగే వచ్చాయి. దానికోసం వేశాను. జాన్సన్ 3.3 దగ్గర ఆగాడు.

నేను నోవైలో ఉంటే వేసేవాణ్నా? వేసేవాణ్ని కాదు. అదే మనిషిని, అవే అభిప్రాయాలు, అడ్రసు మారితే ఓటు మారుతుంది. ఇది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పేర్లు ఎందుకన్నారు కదా. పెరో గ్రాఫులు వేసి చూపించిన బడ్జెట్ లోటు గురించి ఆ తర్వాత రెండు పార్టీలూ మాట్లాడక తప్పలేదు. 1998 నుంచి 2001 దాకా బడ్జెట్ మిగులులో ఉంది. ఆ ఘనత ఎకానమీ బూమ్‌కి ఎంత, ఆయనకి ఎంత అంటే విడదీసి చెప్పలేను. కానీ అన్నం వండుకుంటూ మేం విన్న మాటలే రెండేళ్ల తర్వాత వేరే నోళ్లలోంచి విన్నాం.

ట్రాయ్ అక్క:

తమ్ముడూ, ఇవన్నీ సరే. ఆ ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉందా?

నోవై కొత్త ఓటరు:

ఇప్పుడే తీశాను అక్కా. లైసెన్స్ నంబరు అడుగుతోంది. లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంది.

ట్రాయ్ అక్క:

మిషిగన్‌లో రెండూ ఒకే అడ్రసుతో ఉండాలి. ఒకటి మారిస్తే రెండోది దానితోపాటే మారుతుంది. ఆన్‌లైన్లో అయిదు నిమిషాల పని, ఈ రాత్రికే చేసేయ్. ఎవరికి వేయాలన్నది 2028లో కొట్టుకుందాం.